మైకు ఆగిన చోట్లు: బ్యాంకాక్‌లో ఒక నడక యాత్ర

ముందే చెప్పేస్తాను. ఈ సమీక్షలో యాత్ర నడిపిన సంస్థ పేరు లేదు, గైడు పేరు లేదు, మేము వెళ్లిన తేదీ కూడా లేదు. పేరే లేని సమీక్ష ఎవరికి పనికొస్తుందని మా అమ్మాయి దెప్పింది. వాళ్లు బాగా చేశారు కనుకనే రాయడం లేదు. బాగా చేయకపోయి ఉంటే ఇంటి నంబరుతో సహా రాసేదాన్ని.

నేను తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తోంది. చూసిపోదామని వచ్చి మూడు నెలలు ఉన్నాను. మొదటి మూడు వారాలు గుళ్లు, పడవలు, బట్టల బజార్లు. నాలుగో వారానికి శయనబుద్ధుడి పాదాలు కూడా మొహం మొత్తాయి. ఫోనులో వెతుకుతుంటే ప్రజాస్వామ్య చరిత్ర నడక అని ఒకటి కనిపించింది. మనిషికి 1,400 బాత్, నాలుగు గంటలు, ఇంగ్లీషులో వివరణ, ఆరుగురికి మించరు. డబ్బు కట్టేశాకే అమ్మాయికి చెప్పాను.

ఆ ఉదయం నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి హెచ్చరికలు మొదలుపెట్టింది. "అమ్మా, రాజుగారి గురించి ఏమీ అడగకు. పక్కవాళ్లు అడిగినా నువ్వు నవ్వి ఊరుకో. నోటు గాలికి ఎగిరితే కాలు వేసి ఆపకు, దాని మీద రాజుగారి బొమ్మ ఉంటుంది." నోటు మీద కాలు వేయడమేమిటే, లక్ష్మి కదా అన్నాను. మిగతా రెండింటికీ మాట ఇవ్వలేదు.

లోపాలతో మొదలుపెడతాను. మంచినీళ్లు ఇవ్వలేదు. ఆ ఎండకు ఆరుగురికి ఆరు సీసాలు ఇస్తే వాళ్ల సొమ్మేమీ పోదు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో ముందుగా చెప్పలేదు, నా వయసువాళ్లకు చరిత్ర కన్నా అది ముఖ్యం. మూడోది, గైడు కాలరుకు మైకు, మా చెవులకు ఇయర్‌ఫోన్లు ఇచ్చారు. అవి మధ్యమధ్యలో మూగబోయాయి. మంచి రసపట్టులో ఉండగా మాట తెగిపోయేది. మొదటి గంటలోనే దీనికి ఒక నక్షత్రం తగ్గించాలని మనసులో రాసుకున్నాను.

గైడు యాభై దాటిన మనిషి. పూర్వం బడిలో చరిత్ర చెప్పేవాడట. నేనూ పాఠాలు చెప్పినదాన్నేనని తెలిశాక నన్ను 'ఆచాన్' అని పిలవడం మొదలుపెట్టాడు. మన 'ఆచార్య'యే ఇక్కడ అలా మారింది. తెలుగువాళ్లు ఈ నగరంలో నడిస్తే దొరికే సరదా ఇదే, చెవి ఒగ్గితే సగం మాటలు మన ఇంటివే. మేము నడిచిన వీధి రాచ్చదమ్నోయెన్, రాజుగారు నడిచే బాట. వెళ్లిన విశ్వవిద్యాలయం థమ్మసాత్, ధర్మశాస్త్రం. ప్రజాస్వామ్యం ప్రచాథిపతయ్, అంటే ప్రజాధిపత్యం. రాజును కించపరిచే నేరానికి వాళ్ల పేరు 'మిన్ ఫ్రా బొరొమ డేచానుఫాప్'. మొదటి మాట ఒక్కటే థాయిది, కించపరచడమని అర్థం. మిగతాది విప్పితే 'వర పరమ తేజానుభావ' అని వస్తుంది. అంత తేజస్సుకు సెక్షన్ 112 ఎందుకు కాపలా కాయాలో అడగబోయి అమ్మాయి మొహం గుర్తొచ్చి ఆగాను.

మొదటి మజిలీ ప్రజాస్వామ్య స్మారకం. నడిరోడ్డు మీద, చుట్టూ వాహనాల హోరు. 1932 జూన్ 24న రాజు ఏకచ్ఛత్రాధిపత్యానికి స్వస్తి చెప్పిన తిరుగుబాటుకు గుర్తుగా కట్టి 1940లో ఆవిష్కరించారు. ఆ రోజు లెక్కంతా రాతిలో పెట్టేశారు. నాలుగు రెక్కల ఎత్తు 24 మీటర్లు, తారీఖు కోసం. చుట్టూ పాతిన ఫిరంగులు 75, థాయి శకంలో అది 2475వ సంవత్సరం కనుక. శిల్పాల మీద ఇటలీవాడి చేయి పడింది. నిండా సైనికులు, పోలీసులు, మామూలు జనం. మరి రాజుగారెక్కడ అన్నాను, నోరు జారి. "శిల్పాలు చూశారు కదా, ఆచాన్" అని నవ్వి ముందుకు నడిచాడు.

2020 ఆగస్టు 3న న్యాయవాది ఆనొన్ నంపా ఇక్కడే, మాంత్రికుల వేషాలు వేసుకున్న కుర్రకారు నడుమ నిలబడి, రాచరికం గురించి అంతవరకు ఇళ్లలో గుసగుసలాడే మాటలను మైకులో అన్నాడు. వారం తిరిగేసరికి ఆగస్టు 10న థమ్మసాత్ రంగ్సిత్ ప్రాంగణంలో పనుసయ అనే విద్యార్థిని రాచరిక సంస్కరణకు పది డిమాండ్లు చదివింది. అప్పటికి రెండేళ్లుగా 112 దాదాపు పెట్టెలో ఉంది. ఆ నవంబరులో మళ్లీ బయటికి తీశారు. అప్పటినుంచి ఆ సెక్షన్ కింద కేసులు ఎదుర్కొన్నవారు 270 మందికి పైనే. ఆనొన్‌కు 2023 సెప్టెంబరులో నాలుగేళ్లు పడింది, ఆ తర్వాత వరసగా మరికొన్ని శిక్షలు. ఇదంతా గైడు తేదీలతో సహా వార్తలు చదివినట్టు చదివాడు. అక్కడ ఏమన్నారో మాత్రం చెప్పలేదు.

ఈ ముక్క దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది నాలోని పౌరశాస్త్రాన్ని కెలికింది. థాయిలాండ్‌లో పత్రికలు కూడా ఫలానావారికి ఇన్నేళ్లు శిక్ష అని రాస్తాయే గానీ, ఆ మనిషి అన్న మాటేమిటో అచ్చువేయవు. తిరిగి పలికినా నేరమే అవుతుందన్న భయం. ఏది అనకూడదో జనానికి తెలియదు, అంటే ఏమవుతుందో మాత్రం తెలుసు. ప్రశ్నపత్రం చూపించకుండా మార్కులు కోసినట్టు. రాజు, రాణి, యువరాజు, రాజప్రతినిధి, ఈ నలుగురిలో ఎవరిని కించపరిచినా ఒక్కో మాటకు మూడు నుంచి పదిహేనేళ్లు. మామూలు పరువునష్టం కేసులో 'నేనన్నది నిజం' అని వాదించుకోవచ్చు, ఇక్కడ ఆ తలుపు లేదు. పైగా ఫిర్యాదు రాజప్రాసాదమే ఇవ్వాలని లేదు, దారినపోయే దానయ్య ఎవరైనా ఇవ్వవచ్చు, దేశంలో ఎక్కడైనా. బ్యాంకాక్ కుర్రవాడి మీద మలేషియా సరిహద్దులోని నరాథివాత్‌లో కేసు పెడితే, వాయిదా వాయిదాకూ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం.

సైనిక నియంతను దించిన 1973 అక్టోబరు 14 విద్యార్థి తిరుగుబాటు స్మారకం దగ్గర పది నిమిషాలే ఆగాము. ఎండ.

సనామ్ లువాంగ్ మైదానం అంచున ఒక చోట ఆపి, "ఇక్కడ ఒక ఇత్తడి ఫలకం ఉండేది, ఒక్క రోజు" అన్నాడు. 2020 సెప్టెంబరు 20న ఉద్యమకారులు పాతారు. ఈ దేశం ప్రజలదని దాని మీది మాట. మర్నాటికి లేదు. 1932 తిరుగుబాటుకు గుర్తుగా పెట్టిన అసలు ఫలకం వేరే చోట ఉండేది, అది 2017 ఏప్రిల్‌లో మాయమై దాని స్థానంలో ఇంకొకటి వెలిసింది. ఎవరు తీశారు అని మా గుంపులోని ఒక యూరప్ కుర్రాడు గట్టిగా అడిగాడు. సరిగ్గా అప్పుడే ఇయర్‌ఫోన్ మూగబోయింది.

మైదానం చుట్టూ చింతచెట్లు. తెనాలి మనిషికి చింతచెట్టు కనిపిస్తే ప్రాణం లేచివస్తుంది, కాయ ఉందా అని తల ఎత్తాను. గైడు నా పక్కకు వచ్చి, 1976 అక్టోబరు 6న ఇక్కడి చెట్లకే విద్యార్థుల శవాలను వేలాడదీసి కొట్టారని చెప్పాడు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. నేను తల దించేశాను.

రోడ్డు దాటితే థమ్మసాత్. 1932 నాయకుల్లో ఒకడైన ప్రీది పనోమ్యోంగ్ 1934లో స్థాపించినది. గేటు లోపల ఎర్రరాతి స్మారకం దగ్గర నేల మీద కూర్చోబెట్టాడు. పదవి పోయి దేశం విడిచిన నియంత థనోమ్ తిరిగొచ్చాడని పోస్టర్లు అంటించిన ఇద్దరు విద్యుత్ కార్మికులను నఖోన్ పథోమ్‌లో చంపి ఉరివేశారు. దానికి నిరసనగా విద్యార్థులు ఇక్కడ ఉరి సన్నివేశాన్ని నటించారు. పత్రికలో ఫోటో వచ్చింది, ఉరి పాత్రధారి మొహం యువరాజును పోలి ఉందన్న ఆరోపణ లేచింది. యువరాజును అవమానించారని రేడియో రగిలించింది. తెల్లవారేసరికి పోలీసులు, సాయుధ మూకలు గేటు మీద పడ్డాయి. అధికారిక లెక్కలో చనిపోయినవారు 46 మంది. సాయంత్రానికి సైన్యం అధికారం తీసుకుంది. ఆ ప్రభుత్వమే అదే నెలలో 112 శిక్షను పెంచింది. అంతకుముందు గరిష్ఠం ఏడేళ్లు, కనిష్ఠం లేనేలేదు. 15 ఏళ్ల అంకె పుట్టింది ఆ నెత్తుటి నెలలోనన్నమాట. నాకీ ముక్క తెలియదు. 1,400 బాత్ ఇక్కడే చెల్లిపోయింది.

ఇదిగో, అక్కడే కనిపెట్టాను. కొన్ని వాక్యాలకు ముందు అతని బొటనవేలు కాలరు దగ్గరికి వెళ్తోంది. మైకు బటన్ నొక్కి, వంగి, మా ఆరుగురికే వినిపించేంత గొంతుతో చెప్పి, మళ్లీ నొక్కుతున్నాడు. పరికరం చెడిపోలేదు. కోసిన నక్షత్రాన్ని తిరిగి ఇచ్చేశాను. ఆ గొంతుతో చెప్పినవి కూడా నాకు విపరీతంగా తోచలేదు. మన అసెంబ్లీలో మామూలు రోజున వినిపించేవాటికన్నా మర్యాదగానే ఉన్నాయి.

ఒక్కటి మాత్రం మైకు పెట్టి, లేచి నిలబడి, గట్టిగా చెప్పాడు. 2005 డిసెంబరు 4న, తన పుట్టినరోజు ముందునాటి ప్రసంగంలో, అప్పటి రాజైన భూమిబోల్ మహారాజు తానే అన్నారట, రాజూ పొరపాటు చేయగలడు, విమర్శకు అతీతుడు కాడు అని. రాజుగారి మాట కనుక దానికి భయం లేదు.

కేసులు అడిగాను, ఆచాన్ హోదాలో. చెప్పాడు. నాలుగు ఎస్ఎమ్ఎస్‌లకు ఇరవై ఏళ్లు పడిన తాత, 2012లో జైల్లోనే పోయాడు. ఆడియో క్లిప్పులు పంచినందుకు 87 ఏళ్లు పడి, ఒప్పుకున్నందుకు సగానికి తగ్గి 43 ఏళ్ల 6 నెలలు మిగిలిన మాజీ ఉద్యోగిని. పసుపుపచ్చ బాతుల బొమ్మల క్యాలెండర్లు అమ్మినవాడికి 2023లో రెండేళ్లు. బాతు అన్నప్పుడు యూరప్ కుర్రాడు నవ్వాడు, గైడు నవ్వలేదు.

పార్లమెంటు సంగతి నడుస్తూ చెప్పాడు. 2021లో 44 మంది సభ్యులు శిక్ష తగ్గించాలని, ఫిర్యాదు రాజప్రాసాద కార్యాలయమే ఇవ్వాలని సవరణ ప్రతిపాదించారు. వాళ్ల మూవ్ ఫార్వర్డ్ పార్టీ 2023 ఎన్నికల్లో 151 సీట్లతో మొదటి స్థానంలో నిలిచింది. సవరిస్తామని ప్రచారం చేయడమే వ్యవస్థను కూలదోసే ప్రయత్నమని 2024 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది, ఆగస్టు 7న పార్టీని రద్దు చేసింది, నాయకుడు పీతాకు పదేళ్లు రాజకీయాలు నిషేధం. నాకు మన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గుర్తొచ్చారు. 1908లో పత్రికలో రాసినదానికి జైలు. కానీ అది పరాయివాడి రాజ్యం. ఇక్కడ ఓటేసి గెలిపించిన పార్టీ, చట్టంలో మార్పు అడిగి చట్టం చేతిలోనే పోయింది. ఇంటర్ పిల్లలకు దీన్ని ఏ అధ్యాయంలో చెప్పాలో నాకు తోచలేదు.

ఒక వైపే విని వచ్చానని మీరు అనకముందే చెబుతాను. మా అమ్మాయి ఆఫీసు స్నేహితురాలు భోజనానికి వచ్చింది. వాళ్లింట్లో భూమిబోల్ మహారాజు పటానికి రోజూ పూలు పెడతారట. రాజు తన ప్రజల మీద తాను కోర్టుకెక్కలేడు కదా ఆంటీ, ఆయన తరఫున చట్టం ఉండాలి అంది. ఆ ప్రేమ నటన కాదు. అయితే 15 ఏళ్లు ఎక్కువ కాదా అంటే, పప్పు చాలా బాగుందని అంది. అమ్మాయి బల్ల కింద నా కాలు తొక్కింది.

వెళ్లాలనుకునేవాళ్లకు: ఉదయం పూటే వెళ్లండి, టోపీ, నీళ్లు మీవే. యాత్ర ముగిసే తా ఫ్రా చాన్ రేవు దగ్గర తాయెత్తుల బజారు ఉంది, బేరం ఆడవచ్చు. గైడును ఫోటో తీయకండి, మాటలు రికార్డు చేయకండి. సంస్థ కావాలంటే వెతుక్కోండి, నేను చెప్పను.

నా లెక్కలో ఐదుకు ఐదు. ఇంటికొచ్చాక వాళ్ల ఫారం ఫోనుకు వచ్చింది. 'గైడు చెప్పిన విషయాల్లో మీకు బాగా నచ్చినదేమిటి?' అని ఒక పెద్ద పెట్టె. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపాను. చివరికి 'మంచినీళ్లు ఇవ్వాలి' అని రాసి పంపేశాను.