సబ్‌ఊఫర్‌ను ఇంట్లోనే కొలవడం: చాలాకాలం వాడాక నా మాట

12 ఇంచుల ఊఫర్‌కు, అంటే బేస్ మోగించే పెద్ద స్పీకర్‌కు, ఎంత బాక్స్ కొట్టాలని మా హన్మకొండలో ఎవరిని అడిగినా ఠక్కున ఒక సైజు చెప్పేస్తారు. "పద్నాలుగు బై పద్నాలుగు, లోతు పద్నాలుగు, ముందర ఒక పైపు, అంతే అన్నా." ఏ స్పీకర్ అని మాత్రం అడగరు. 18 ఎంఎం ప్లైవుడ్ మందం తీసేస్తే ఆ డబ్బాలో 33 లీటర్లకు మించి చోటు ఉండదు. కొన్ని ఊఫర్లకు అది సరిపోతుంది, కొన్నింటిని గొంతు పిసికినట్టే. ఏది ఏ రకమో తేలాలంటే కొలవాలి.

నేను కొలిచే సరంజామా చిన్నదే. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, బెహ్రింగర్ యూసీఏ202 అనే యూఎస్‌బీ సౌండ్‌కార్డ్, 100 ఓమ్‌ల రెసిస్టర్, మల్టీమీటర్, నాలుగు క్లిప్పులు. సౌండ్‌కార్డ్ కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. మార్కెట్లో దొరికే చవక యూఎస్‌బీ ముక్కల్లో చాలావాటికి ఉండేది ఒక్క చానెల్ మైక్ ఇన్‌పుట్టే. ఈ పనికి రెండు చానెళ్ల లైన్ ఇన్‌పుట్, దాంతోపాటు హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ కావాలి.

హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచి సిగ్నల్ రెసిస్టర్ గుండా స్పీకర్‌కు వెళ్తుంది. రెసిస్టర్‌కు అటూ ఇటూ ఉన్న వోల్టేజీలను పోల్చి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎన్ని ఓమ్‌లు ఉందో సాఫ్ట్‌వేర్ గీత గీస్తుంది. ఆ గీత ఒకచోట కొండలా లేస్తుంది. కొండ కొస ఎక్కడుందో అదే ఎఫ్‌ఎస్, అంటే రెజొనెన్స్, స్పీకర్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. దాని ఎత్తు, వెడల్పుల నుంచి క్యూటీఎస్ వస్తుంది, అంటే ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే క్యూ అంకె. తర్వాత కోన్ మీద బరువు పెట్టి మళ్లీ కొలిస్తే కొండ కిందికి జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి కదిలే భాగం బరువు, దాంతో వాస్ లెక్కకడతారు. కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్ బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుకు సమానమో చెప్పేదే వాస్. ఈ పద్ధతికి పునాది వేసినవాళ్లు ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్. థీల్ పేపర్ 1961లో వచ్చింది, స్మాల్ పేపర్లు 1970ల మొదట్లో.

ఒక ఊఫర్ సంగతి చెప్తాను. 12 ఇంచులది, 4 ఓమ్‌లది. కంపెనీ పేరు అనవసరం. అట్టపెట్టెలోని కాగితం మీద ఎఫ్‌ఎస్ 28 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.38, వాస్ 95 లీటర్లు. కొత్తది కాబట్టి ముందు కొన్ని గంటలు తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆడించి, చల్లారనిచ్చి, వంటగట్టు వేయగా మిగిలిన కరీంనగర్ గ్రానైట్ ముక్కకు క్లాంపులతో నిలువుగా బిగించాను. మంచం మీద బోర్లా పెట్టి కొలవకూడదు, వెనక మాగ్నెట్ రంధ్రం మూసుకోకూడదు. కాయిల్ డీసీ రెసిస్టెన్స్ 3.4 ఓమ్‌లు. గీతలో కొస 36 హెర్ట్జ్ దగ్గర, ఎత్తు 31 ఓమ్‌ల పైచిలుకు. క్యూటీఎస్ 0.58. డస్ట్ క్యాప్ చుట్టూ పిల్లలు ఆడుకునే క్లే 80 గ్రాములు అతికిస్తే కొస 27.6కు దిగింది. అంటే కదిలే బరువు 114 గ్రాములు, వాస్ 57 లీటర్ల చిల్లర.

కాగితం నమ్మి, క్యూ ఇంత ఎక్కువున్న ఊఫర్‌కు పైపు పెట్టిన బాక్స్ చేసి ఉంటే ఒక్క నోటు దగ్గరే గుయ్యిమని మోగేది. కొలిచిన అంకెలను విన్‌ఐఎస్‌డీ అనే బాక్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, 60 లీటర్ల సీల్డ్ బాక్స్‌కు, అంటే పైపు లేకుండా మూసేసిన దానికి పోయాను. లెక్క ప్రకారం బాక్స్‌లో మొత్తం క్యూ 0.81, రెజొనెన్స్ 50 హెర్ట్జ్. కట్టాక కొలిస్తే దాదాపు అక్కడికే వచ్చింది. ఈ సరంజామా మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

క్లే బదులు బిళ్లలు పెట్టొచ్చు కదా అంటారు. రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్లలు అయస్కాంతానికి అంటుకుంటాయి. ఊఫర్ మాగ్నెట్ దగ్గర వాటితో కొలత చెడుతుంది. బరువు తూచడానికి కిరాణా కాంటా పనికిరాదు, 0.1 గ్రాము చూపే చిన్న కాంటా కావాలి. అంతకంటే పెద్ద ప్రమాదం టేపు దగ్గర ఉంది. కోన్ వ్యాసాన్ని ఇటువైపు రబ్బరు అంచు మధ్య నుంచి అటువైపు అంచు మధ్య దాకా కొలవాలి. వాస్ లెక్కలో ఆ వ్యాసం నాలుగో ఘాతంలో వస్తుంది. 25 సెంటీమీటర్లను 26 అనుకుంటే వాస్ 17 శాతం పెరిగిపోతుంది. అందుకే ఈ పద్ధతిలో ఎఫ్‌ఎస్, క్యూటీఎస్ అంకెలను నేను కళ్లు మూసుకుని నమ్ముతాను, వాస్‌ను మాత్రం పది శాతం అటూ ఇటూ అనుకుని వాడతాను.

మన ఎండల గురించి ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. డిసెంబర్ పొద్దున గదికీ మే నెల మధ్యాహ్నం గదికీ 20 డిగ్రీల తేడా మాకు మామూలే. అంటే 3.4 ఓమ్‌ల కాయిల్ 3.67 చూపిస్తుంది, క్యూ కూడా ఆ మేరకు జరుగుతుంది. పైగా వేడికి సస్పెన్షన్ మెత్తబడి ఎఫ్‌ఎస్ కొంచెం దిగుతుంది, వాస్ పెరుగుతుంది. చూసి కంగారు పడనక్కర్లేదు. సస్పెన్షన్ వల్ల వచ్చే తేడాల్లో ఎఫ్‌ఎస్, క్యూ, వాస్ మూడూ కలిసికట్టుగా జరుగుతాయి కాబట్టి చివరికి బాక్స్ సైజు పెద్దగా మారదు. బాక్స్‌లోని గాలి బిగువే అక్కడ ఎక్కువ పని చేస్తుంది. కాయిల్ రెసిస్టెన్స్ మాత్రం స్వీప్ (ఫ్రీక్వెన్సీలన్నీ వరుసగా పంపే కొలత) నడిపిన పూటే మల్టీమీటర్‌తో చూసి, మీటర్ వైర్ల రెసిస్టెన్స్ తీసేసి వేసుకోవాలి.

విసుగు తెప్పించేది చప్పుడు. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచి ఊఫర్‌కు అందేది చాలా చిన్న వోల్టేజీ. పెద్ద కోన్ తనే మైక్ అయిపోయి పక్కగదిలో కూలర్ తిరిగినా పట్టేస్తుంది, గీత రంపం పళ్లలా వస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఒక ముల్లు నిలబడితే అది కరెంటు హమ్, ల్యాప్‌టాప్ చార్జర్ పీకేస్తే చాలాసార్లు పోతుంది. గణపతి నవరాత్రుల్లో, బతుకమ్మ రోజుల్లో సాయంత్రం పూట కొలత మాటే ఎత్తను. వీధిలో డీజే మోగుతుంటే ఇంట్లో ఊఫర్ దానికి తాళం వేస్తుంది. తెల్లవారుజామే నయం.

క్లిప్పులు కూడా సతాయిస్తాయి. తుప్పు పట్టిన క్లిప్ 0.2 ఓమ్‌లు తినేస్తే 4 ఓమ్‌ల స్పీకర్‌లో అది 5 శాతం పొరపాటు. నేను క్లిప్పులు తీసేసి స్పీకర్ ట్యాగ్‌లకు తొడిగే కనెక్టర్లు సోల్డర్ చేశాను. సాఫ్ట్‌వేర్ అడిగే ఓపెన్ (వైర్లు విడిగా), షార్ట్ (వైర్లు కలిపి), రిఫరెన్స్ రెసిస్టర్ క్యాలిబ్రేషన్ మూడూ కూర్చున్న ప్రతిసారీ చేయాలి. తెలిసిన రెసిస్టర్‌ను ఒకటి ముందు కొలిచి చూస్తే ఆ పూట అంకెలను నమ్మొచ్చో లేదో అక్కడే తెలిసిపోతుంది.

అసలు లాభం రీకోన్, అంటే పాత ఊఫర్‌కు కొత్త కోన్, కాయిల్ వేయించే విషయంలో కనిపించింది. పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే కాలిపోయిన కాయిళ్లు మార్పించుకునే డీజేవాళ్లు మా దగ్గర చాలామంది. జనగామ నుంచి వచ్చిన ఒక తమ్ముడు రెండు ఊఫర్లు ఒకేచోట రీకోన్ చేయించి తెచ్చాడు. "రెండూ సేమే అన్నా, ఒకటే కోన్ ఏసిండు" అన్నాడు. కొలిస్తే ఒకదాని ఎఫ్‌ఎస్ 41, రెండోదాని ఎఫ్‌ఎస్ 52. రెండోదాని కొండ పొట్టిగా, వెడల్పుగా ఉంది. కాయిల్ లోపల ఎక్కడో రాసుకుంటోందని అనుమానించి వేళ్లతో కోన్‌ను మెల్లగా నొక్కితే కరకరమంది. మళ్లీ పంపించాడు. ఈసారి 43 వచ్చింది, కొండ కూడా నిటారుగా లేచింది.

ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది పూర్తయిన బాక్స్‌లను చూడడానికే. పైపు ఉన్న బాక్స్‌ను కొలిస్తే రెండు కొండలు, మధ్యలో లోయ వస్తాయి. లోయ అడుగే పైపు ట్యూనింగ్, అంటే పైపు మోగే ఫ్రీక్వెన్సీ. ఒక స్నేహితుడు 70 లీటర్లు, 4 ఇంచుల పీవీసీ పైపు, 32 హెర్ట్జ్ అని లెక్కేసి బాక్స్ కట్టాడు. లోయ 34 దగ్గర వచ్చింది. మాగ్నెట్, లోపలి పట్టీలు, పైపు కలిసి ఎనిమిది లీటర్ల దాకా తినేశాయి. పైపును నాలుగున్నర సెంటీమీటర్లు పెంచాక 32కు దిగింది. మైక్ అక్కర్లేదు, గది ప్రభావం అంతగా ఉండదు. నా మటుకు నాకు ఈ ఒక్క పని కోసమే ఈ సరంజామా దగ్గర పెట్టుకోవచ్చు.

రెడీమేడ్‌గా కావాలంటే డేటన్ ఆడియో వాళ్ల డాట్స్ అనే కొలత పరికరం ఉంది. యూఎస్‌బీకి పెట్టి రెండు క్లిప్పులు తగిలిస్తే అంకెలు వచ్చేస్తాయి. రోజూ కొలిచే షాపుకు అదే హాయి. నెలకో రెండు నెలలకో ఒకసారి కొలిచేవాళ్లకు 100 ఓమ్‌ల రెసిస్టర్ చాలు, దాని ఖరీదు చాయ్ డబ్బులు కూడా కాదు.

రెండు పద్ధతుల్లోనూ తెలియనిది ఒకటుంది. ఇవన్నీ కోన్ కదిలీ కదలనంత చిన్న సిగ్నల్‌తో తీసిన అంకెలు. ఎక్స్‌మాక్స్ (కోన్ సవ్యంగా కదలగలిగే దూరం) ఎంత, 500 వాట్లు కొట్టినప్పుడు కాయిల్ వేడెక్కి ఏమవుతుంది అన్నవి ఈ గీతలో కనబడవు. డీజే ఊఫర్లకు నేను విన్‌ఐఎస్‌డీలో కోన్ కదలిక గ్రాఫ్ చూసి, పైపు ట్యూనింగ్ కంటే కాస్త కింద హైపాస్ ఫిల్టర్ (మరీ తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెట్టించి పంపిస్తాను. బాక్స్ సైజు మీద బేరమాడేవాళ్లు ఉంటారు గానీ ఫిల్టర్ దగ్గర మాత్రం నేను బేరం ఒప్పుకోను.