గ్రామర్ కోసం డిక్షనరీ: ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ ఏళ్ల తరబడి వాడాక

ఇంగ్లీషు గ్రామర్‌కి ఏ పుస్తకం మంచిదని ఎవరడిగినా నేను ఈ డిక్షనరీ పేరే చెబుతాను. అర్థాల కోసం కాదు, వాక్యం కట్టడం కోసం. ఏళ్లుగా నా బల్ల మీదే ఉంది. ఒక మెయిలు రాయాలన్నా రెండుసార్లు తిరగేస్తాను.

సజెస్ట్ అనే క్రియనే చూడండి. దాని అర్థం అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏం రావాలన్న దగ్గరే చిక్కంతా. ఇందులో నామవాచకం రావచ్చు, దట్‌తో మొదలయ్యే ఉపవాక్యం రావచ్చు, క్రియకి ఐఎన్‌జీ చేర్చిన రూపం రావచ్చు అని నమూనాలు విడివిడిగా ఇచ్చి, దేనికది ఉదాహరణ చూపిస్తారు. చాలామంది అలవాటుగా వాడే 'సజెస్ట్ మీ ఎ గుడ్ డిక్షనరీ' అన్న వాక్యాన్నయితే అడ్డంగా గీత కొట్టి మరీ చూపిస్తారు. క్రియల గురించి అధ్యాయాలకు అధ్యాయాలు చదివినా ఈ ఒక్క క్రియ సంగతి అక్కడ తగలకపోవచ్చు. ఇంగ్లీషులో సగం వ్యాకరణం ఇలా ఏ మాటకామాటలోనే ఉంటుందని నా గట్టి నమ్మకం.

నామవాచకాలదీ అదే దారి. అడ్వైస్, ఫర్నిచర్ లాంటి వాటి పక్కన 'యూ' అన్న గుర్తుంటుంది. అంటే లెక్కపెట్టలేనివి. చివర ఎస్ చేర్చకూడదు, ముందు ఎ, యాన్ పెట్టకూడదు. ఎక్స్‌పీరియన్స్‌కి మాత్రం పనిలో గడించిన అనుభవం అన్నప్పుడు 'యూ', మనకు జరిగిన ఒకానొక సంగతి అన్నప్పుడు 'సీ', అంటే లెక్కపెట్టగలిగేది. ఆ ఒక్క అక్షరం చూసుకుంటే బహువచనం వాడాలా వద్దా అన్న అనుమానం తీరిపోతుంది.

దీనికి ఆద్యుడు ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడు. మరో ఇద్దరితో కలిసి ఆయన చేసిన మొదటి రూపం 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో దాన్నే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. నేర్చుకునేవాడి కాలు ఎక్కడ జారుతుందో తెలిసిన చేయి ఇప్పటికీ పేజీ పేజీలో కనిపిస్తుంది.

లోటు లేకపోలేదు. ఎ, ది ఎక్కడ వాడాలో, కాలాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో ఇందులో పట్టుబడవు. దానికి వేరే గ్రామర్ పుస్తకం ఉండాల్సిందే. గెట్, టేక్ లాంటి మాటలు తీస్తే ఎంతకీ తరగవు, కావలసిన అర్థం దొరికేసరికి ఓపిక అయిపోతుంది. వివరణలు కూడా ఇంగ్లీషులోనే కాబట్టి ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకి బరువే.

వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, ఉచ్చారణ వినొచ్చు. అచ్చు ప్రతే కావాలంటే కొత్త కూర్పు తీసుకోండి. 1974 నాటి మూడో కూర్పు ఎక్కడైనా చవగ్గా దొరికినా వద్దు. అందులో క్రియల నమూనాలన్నీ 'వీపీ6ఏ' లాంటి సంకేతాల్లో ఉంటాయి. మాట చూసిన ప్రతిసారీ ఆ సంకేతాల అర్థం చెప్పే పట్టిక దగ్గరికి పరుగెత్తాలి.