భీమవరంలో చేయించుకున్న స్టోరేజ్ నెట్‌వర్క్ విస్తరణ: సేవపై సమీక్ష

రొయ్యల ఎగుమతి వ్యాపారంలో ఉన్న మా సంస్థ నరసాపురం కార్యాలయాన్ని మూసి, అక్కడి సర్వర్లను, స్టోరేజీని భీమవరానికి తరలించింది. దాంతో అంతవరకు విడివిడిగా నడిచిన, సర్వర్లను స్టోరేజీతో కలిపే ఫైబర్ ఛానల్ స్విచ్‌లను ఒకే నెట్‌వర్క్‌గా కలపవలసి వచ్చింది. కొటేషన్ ఇచ్చినవారిలో ఒకరు “కేబుల్ తగిలిస్తే అవే కలిసిపోతాయండీ, ఒక్క పూట పనండీ” అన్నారు. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన మరో చిన్న సంస్థ మాత్రం ధర చెప్పకముందే రెండు వైపుల జోనింగ్ వివరాలు పంపమని అడిగింది. ధర ఎక్కువైనా పని వీరికే ఇచ్చాము.

ఏ సర్వరు ఏ స్టోరేజీని చూడవచ్చో నిర్ణయించేది జోనింగ్. అలా ఒకదాన్నొకటి చూడగలిగే పరికరాల గుంపు జోన్, జోన్‌ల జాబితా కాన్ఫిగరేషన్. మావి బ్రొకేడ్ స్విచ్‌లు. వీటిని కలిపేటప్పుడు ఒక వైపు జోనింగ్ ఖాళీగా ఉంటే రెండో వైపుది అక్కడికి చేరుతుంది. రెండు వైపులా వేర్వేరు కాన్ఫిగరేషన్లు అమలులో ఉంటే మాత్రం కేబుల్ ఉన్నా స్విచ్‌లు కలవవు. మా రెండు చోట్లా కాన్ఫిగరేషన్ పేరు ఒకటే, లోపలి జోన్‌లు వేరు. ‘ఈఆర్‌పీ_1’ అనే ఆలియాస్ (పరికరానికి పెట్టుకున్న సులువైన పేరు) భీమవరంలో ఒక సర్వరు కార్డును, నరసాపురంలో పూర్తిగా వేరే సర్వరు కార్డును సూచించేది. ఇక్కడ ఆలియాస్‌కు పెట్టిన మరో పేరు అక్కడ ఏకంగా జోన్‌కే ఉంది. వచ్చిన ఇంజనీరు రెండు పట్టికలనూ అచ్చు తీసి, ప్రతి కార్డుకూ గుర్తింపుగా ఉండే 16 అంకెల డబ్ల్యూడబ్ల్యూఎన్‌లను ఒక్కొక్కటిగా సరిచూస్తూ, గొడవపడే ప్రతి పేరు కిందా ఎర్ర గీత గీశారు. మేము చెల్లించిన సొమ్ములో అధికభాగం ఆ కాగితానికే దక్కాలి.

అసలు చిక్కు డొమైన్ ఐడీ దగ్గర వచ్చింది. ఒకే ఫ్యాబ్రిక్‌లో, అంటే కలిసి నడిచే స్విచ్‌ల నెట్‌వర్క్‌లో, ప్రతి స్విచ్‌కూ డొమైన్ ఐడీ అనే వేరే సంఖ్య ఉండాలి, మా రెండు చోట్లా అది 1. నరసాపురం స్విచ్‌ను 2 చేస్తే చాలునని అనిపిస్తుంది కానీ, అక్కడి కొన్ని జోన్‌లు డబ్ల్యూడబ్ల్యూఎన్‌తో కాక డొమైన్, పోర్టు సంఖ్యలతో రాసినవి. వాటిని అలాగే తెచ్చి ఉంటే ‘1,4’ అన్న సభ్యుడు కలిపిన తరువాత భీమవరం స్విచ్‌లోని 4 నంబరు పోర్టు అయ్యేది, అంటే సంబంధం లేని సర్వరుకు ఆ జోన్‌లో చోటు దొరికేది. ఈ ప్రమాదాన్ని వీరు ముందే గుర్తించి, ఆ జోన్‌లన్నిటినీ డబ్ల్యూడబ్ల్యూఎన్ ఆధారంగా, కొత్త పేర్లతో భీమవరం కాన్ఫిగరేషన్‌లో రాసి పెట్టారు.

పనికి సంక్రాంతి సెలవులను ఎంచుకున్నాము. ఆ మూడు రోజులూ భీమవరంలో కార్యాలయం వైపు చూసేవారెవరు! రెండు వైపులా బ్యాకప్ తీసుకుని, స్టోరేజీకి ప్రతి సర్వరుకూ ఉన్న రెండు దారుల్లో (ఒక్కో ఫ్యాబ్రిక్ ఒక దారి) రెండోది పనిచేస్తున్నదని నిర్ధారించుకున్నాకే ఒక ఫ్యాబ్రిక్‌ను ముట్టుకున్నారు. నరసాపురం స్విచ్‌లో జోనింగ్ లేనప్పుడు పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా డిఫాల్ట్ జోన్‌ను ‘నో యాక్సెస్’కు మార్చి, పాత జోనింగ్‌ను తుడిచి, డొమైన్ ఐడీ మార్చి, ఆ తరువాతే కేబుల్ కలిపారు. సర్వర్లు రెండో దారిలో నడుస్తూనే ఉన్నాయి. మర్నాడు, అంతా నిలకడగా ఉందని చూసుకున్నాక, రెండో ఫ్యాబ్రిక్‌నూ అదే వరుసలో పూర్తిచేశారు.

లోపాలు లేకపోలేదు. స్విచ్‌ల మధ్య కేబుళ్లను పోర్టులకు తగిలించేందుకు కావలసిన ఎస్ఎఫ్‌పీ మాడ్యూళ్లు కొటేషన్‌లో లేవు, బిల్లులో మాత్రం ఉన్నాయి. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన చూపే పట్టికను నివేదికలో ఇవ్వలేదు, అడిగితే ఆ గీతల కాగితం ఫోటో పంపారు. అంత శ్రద్ధగా పనిచేసినవారు దాన్ని శుభ్రంగా టైపు చేసి ఇవ్వలేకపోవడం విడ్డూరమే.

కొత్తగా కొన్న ఖాళీ స్విచ్‌ను చేర్చుకునేవారికి ఈ సేవ అంత అవసరం లేదు. డొమైన్ ఐడీ వేరుగా పెట్టుకుని, దానిలో జోనింగ్ ఏదీ లేదని చూసుకుంటే పని చాలావరకు అయినట్టే. రెండు చోట్ల కొన్నేళ్లు వాడిన స్విచ్‌లను కలపవలసినవారు మాత్రం వీరిని పిలవవచ్చు, కాకపోతే ఎస్ఎఫ్‌పీల ధరనూ, పేర్ల పట్టికనూ కొటేషన్‌లోనే రాయించుకోవాలి.