మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న టేపు: చాలాకాలం వాడాక

ఐదు మీటర్ల స్టీలు టేపు గురించి చెప్పడానికేముంది అనుకోవచ్చు. నాకు మాత్రం ఉంది. దీనికి రెండు అంచుల్లోనూ మిల్లీమీటర్లే ఉన్నాయి, అంగుళాలు ఎక్కడా లేవు. ఆ ఒక్క కారణంగా ఇంట్లో చెక్కపనంటే నాకు టెన్షన్ పోయింది.

అంగుళాల్లో కొలిస్తే ఎనిమిదో వంతులు, పదహారో వంతులు వస్తాయి. అందులోంచి పలక మందం తీసెయ్యాలంటే కాగితం పెన్సిలు పట్టుకోవాల్సిందే. అదే గోడల మధ్య ఖాళీ 864 మిల్లీమీటర్లు అనుకోండి. అటూ ఇటూ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ నిలబెడితే 36 పోతుంది, 828 మిగులుతుంది. వాటి మధ్య అర పలక సులువుగా జారడానికి ఇంకో 2 తగ్గిస్తే 826. మనసులోనే అయిపోతుంది. అలమర తలుపులకు వాడే, గిన్నెలాంటి భాగం చెక్కలో దిగే కీళ్ళకు (కప్ హింజ్‌లకు) 35 మిల్లీమీటర్ల గుంత తొలవాలి, అరల పిన్నులకు వేసే రంధ్రాల మధ్య దూరం సాధారణంగా 32. సామాను కొలతలే మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు టేపు కూడా అదే భాషలో ఉంటే ఎంత హాయో! రెండు అంచుల్లోనూ గీతలు ఉండటంతో పలకకు ఏ వైపు నిలబడ్డా తిన్నగా చదువుకోవచ్చు.

ఇక నాకు బాగా నచ్చినది చివరనున్న హుక్. అది కాస్త కదులుతుంది. చాలామంది లూజైపోయింది అనుకుంటారు గానీ కావాలనే అలా చేస్తారు. హుక్ రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు ఉంటే, అది కదిలేది కూడా అంతే. పలక అంచుకు తగిలించి లాగితే రేకు బయటికి జరుగుతుంది, గోడకు ఆనించి నొక్కితే లోపలికి. రెండు పద్ధతుల్లోనూ సున్నా సరిగ్గా సున్నా దగ్గరే ఉంటుంది. మొదటి అలమరకు గోడల మధ్య నొక్కి కొలిచాను, పలకల మీద లాగి గుర్తులు పెట్టాను. అరలన్నీ ఒక్క రుద్దుడు లేకుండా కూర్చున్నాయి. ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

రెండో అలమర దగ్గర కథ మారింది. అదే పద్ధతి, అదే టేపు. అరలు మాత్రం బిగుసుకుపోయాయి. ఒక్కొక్కటీ ఇసుకకాగితంతో అరగదీస్తే గానీ లోపలికి పోలేదు. అనుమానం వచ్చి హుక్‌ను ఒక స్టీలు స్కేలు చివరకు తగిలించి లాగి చూస్తే, స్కేలు మీది 300 గీత టేపు మీద 299 దగ్గర నిలిచింది. నొక్కి చూస్తే సరిగ్గానే ఉంది. అంటే లాగినప్పుడు మాత్రమే తేడా. టేపు వేగంగా లోపలికి చుట్టుకున్న ప్రతిసారీ హుక్ డబ్బా మూతికి తగిలి ఆగుతుంది, స్ప్రింగ్ మాత్రం టేపు పట్టీని ఇంకా లాగుతూనే ఉంటుంది. ఆ దెబ్బలకు హుక్‌ను పట్టి ఉంచే రివెట్ల రంధ్రాలు సాగాయి. గుర్తు పెట్టిన పలకలన్నీ మిల్లీమీటరు పొడుగొచ్చాయి.

టేపు మీద గుండ్రటి గీతలో ఉండే రోమన్ అంకె దాని కచ్చితత్వ తరగతిని చెబుతుంది. నా దాని మీద రెండు (II) ఉంది. ఆ తరగతికి మీటరు పొడవులో అనుమతించే తేడా అర మిల్లీమీటరు. గీతలు ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకుంటున్నాయి, హుక్కే నిలబెట్టుకోలేదు. అందుకే లాగినా నొక్కినా సున్నా సరిగ్గా ఉంటుందని పైన హుక్ గురించి చెప్పింది కొత్త టేపుకు వర్తిస్తుందని చదువుకోండి.

ఇప్పుడు కచ్చితంగా ఉండాల్సిన పనికి హుక్‌ను వదిలేసి, 100 గీతను అంచు మీద పెట్టి మొదలుపెడుతున్నాను. 826 కావాలంటే 926 దగ్గర గుర్తు. రెండో చెయ్యి ఖాళీగా ఉంటేనే కుదిరే పని ఇది. పరదా కమ్మీకో, మంచం పట్టే చోటుకో అయితే హుక్‌తోనే కొలుస్తున్నాను, అక్కడ మిల్లీమీటరు లెక్కలోకి రాదు.

నేను ఇంట్లో ఒక్కణ్ణే, నా కొలతలతో నేనే కోసుకుంటాను కాబట్టి నాకిది సరిపోయింది. మీ పనివాళ్ళు అడుగులు, అంగుళాల్లో మాట్లాడేవాళ్ళయితే ఒక అంచున అవి కూడా ఉన్న టేపే మీకు మేలు. నేను ఇంకోటి కొన్నా రెండు అంచుల్లో మిల్లీమీటర్లున్నదే కొంటాను. కాకపోతే ఈసారి హుక్‌కు రివెట్లు ఎక్కువగా, గట్టిగా ఉన్నాయో లేదో చూస్తాను. స్టీలు స్కేలు వెంట తీసుకెళ్ళి, లాగీ నొక్కీ రెండు విధాలా సరిచూసుకున్నాకే తీసుకుంటాను.