జీఎస్ఎం మాడ్యూల్ కొనేవాళ్లకు: బోర్డు కంటే ఏటీ కమాండ్ల గురించే ఎక్కువ

బోరు మోటారును ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ సొంతంగా కట్టుకుందామని సిమ్800ఎల్ అనే జీఎస్ఎం మాడ్యూల్ (సిమ్ వేస్తే కాల్స్, ఎస్ఎంఎస్‌లు చేసే చిన్న బోర్డు) తీసుకున్నాను. బోర్డు చవక, పని చేస్తుంది. కానీ నాకు బాగా నచ్చింది దానితో మాట్లాడే ఏటీ భాష, అంటే ఏటీ అనే అక్షరాలతో మొదలయ్యే చిన్న చిన్న కమాండ్లు.

1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్‌తో (కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే పెట్టె) తెచ్చిన కమాండ్లు ఇవి. కంప్యూటర్ ఏ కంపెనీదైనా సరే, సీరియల్ పోర్టు ఉంటే చాలు, ఏటీడీ పక్కన నంబర్ పంపితే డయల్ చేస్తుంది, ఏటీహెచ్ అంటే ఫోన్ పెట్టేస్తుంది, పని అయితే ఓకే, కాకపోతే ఎర్రర్. ఇన్నేళ్ల తర్వాత నా ఆర్డుయినోకి (మాడ్యూల్‌ను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) కూడా అదే సరిపోయిందంటే ఆ డిజైన్ ఎంత గట్టిదో చూడండి. మొదట పంపే ఏటీ ఉత్త పలకరింపు కాదు, ఆ రెండు అక్షరాల బిట్లను బట్టే మాడ్యూల్ మన సీరియల్ స్పీడు పసిగడుతుంది. పైగా అంతా మామూలు అక్షరాలే కాబట్టి, కోడ్ రాయకముందే టెర్మినల్‌లో టైప్ చేసి, ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ అడిగి, పొలంలో సిగ్నల్ ఎంతుందో (31 వస్తే ఫుల్, 99 వస్తే తెలియదని అర్థం) నేరుగా చూసుకోవచ్చు.

లోపం ఒకటుంది, పెద్దదే. మనం అడిగినదానికి జవాబూ, అడక్కుండా వచ్చే కబురూ ఒకే వైరు మీద వస్తాయి, ఏది దేనికో చెప్పే గుర్తు ఉండదు. ఎస్ఎంఎస్ పంపి ఓకే కోసం చూస్తుంటే మధ్యలో ఎవరో కాల్ చేస్తే రింగ్ అని పడొచ్చు. చాలామంది కోడ్‌లో కమాండ్ పంపి రెండు సెకన్లు డిలే పెట్టి వచ్చిందంతా జవాబే అనుకుంటారు, మోటారు లాంటి వాటికి అది ప్రమాదం. లైను లైనుగా చదివి, ఓకే లేదా ఎర్రర్ కనిపించేదాకా ఆగాలి, మిగతావి పక్కన పెట్టాలి.

తెలుగులో మెసేజ్ కావాలంటే యూసీఎస్2 అనే అక్షరాల కోడింగ్‌లోకి మార్చి పంపాలి, అప్పుడు ఒక మెసేజ్‌లో ఇంగ్లీషులోలా 160 కాదు, 70 అక్షరాలే పడతాయి.

ఇక కరెంటు సంగతి. 3.4 నుంచి 4.4 వోల్టులే ఇవ్వాలి, ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు ఒక్కసారిగా 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, సప్లై తట్టుకోకపోతే రీసెట్ అయిపోతుంది, అది చూసి కమాండ్ తప్పేమోనని వెతక్కండి. ఇది 2జీ మాత్రమే, జియో సిమ్ పని చేయదు. కొత్తగా కొనేవాళ్లు 4జీ మాడ్యూలే తీసుకోండి, సిగ్నల్, ఎస్ఎంఎస్ కమాండ్లు 3జీపీపీ (మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణంలోవి కాబట్టి ఆ కోడ్ దాదాపు అలాగే నడుస్తుంది.