నాయనమ్మ బొంత పోగొట్టిన లాండ్రీ

మలక్‌పేటలో మా ఇంటి దగ్గరి లాండ్రీ ఇది. చొక్కాలు, చీరలు బాగానే ఉతుకుతారు. బొంత మాత్రం ఇవ్వకండి. మా నాయనమ్మ తన పాత నేత చీరలు ఐదు పొరలుగా పరిచి, ఎండాకాలమంతా అరుగు మీద కూర్చుని చేత్తో కుట్టిన బొంత అది. ఒక మూల తాతయ్య పంచె అంచు, ఆకుపచ్చది. వాళ్లు రసీదు మీద 'దుప్పటి 1' అని రాసి, వేరేవాళ్లకి ఇచ్చేశారు. మూడు వారాలు టెన్షన్‌తో తిరిగాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతబట్టల కుప్పలు కూడా వెతికాను. కొత్త రజాయి ధర కట్టిస్తామంటున్నారు. దాంతో నేనేం చేసుకోను? ఎక్కడ ఇచ్చినా ముందు నాలుగు మూలలూ ఫోటో తీసుకోండి, రసీదులో 'చేతికుట్టు బొంత' అని రాయించండి. ఆ పచ్చంచు బొంత మీ ఇంటికి వచ్చి ఉంటే, దయచేసి లాండ్రీలో తిరిగి ఇవ్వండి.