రాణి బాగుంది, దూదే బాలేదు

రెక్కల చీమలు ఎగిరే రోజులు ఇక అయిపోయాయని ఆశ వదులుకున్నాక, ఓ సాయంత్రం మెట్ల మీద ఒంటరిగా కనిపించిందీ రాణి. నల్లటి కాంపొనోటస్, అంటే వడ్రంగి చీమ, దాదాపు 15 మిల్లీమీటర్లు. ఒక పక్క రెక్కలు అప్పటికే లేవు. నేను వంగి చూస్తుండగానే రెండో పక్క రెక్కను వెనక కాలితో నొక్కి నొక్కి విరిచేసుకుని, అక్కడే పడేసి నడిచిపోయింది. రెక్కలు రాల్చిందంటే చాలావరకు జతకట్టినట్టే. జతకట్టకుండా రాల్చేవీ లేకపోలేదు.

ఎప్పుడో తెప్పించి మూలన పడేసిన చీమల పెంపకం కిట్ అప్పుడు విప్పాను. మూడు గాజు టెస్ట్ ట్యూబులు, దూది, ఎర్ర ఫిల్మ్ తొడుగులు, చిన్న తీపి ద్రావణం సీసా, వాడే పద్ధతి అచ్చేసిన కాగితం.

ట్యూబులకు వంక పెట్టలేను. 16 మిల్లీమీటర్ల వెడల్పు, 150 పొడవు. గాజు ఎంత తేటగా ఉందంటే భూతద్దం పెట్టి గుడ్లు లెక్కపెట్టొచ్చు. దూది మాత్రం దండగ. ట్యూబులో మూడో వంతు నీళ్లు పోసి, దూది ఉండతో బిగించి, ముందు భాగంలో రాణిని వదిలాను. మర్నాడు పొద్దున చూస్తే నీళ్లు కారి దాని కాళ్ల దాకా వచ్చాయి. ఇంట్లో ఉన్న మామూలు దూదిని గట్టిగా చుట్టి, గాలి బుడగ లేకుండా ఇంకో ట్యూబు తయారుచేశాను. రెండింటి మూతులూ కలిపి టేపు వేసి, కొత్తదాన్ని చీకటి చేశాను. మహారాణిగారు అందులోకి మారడానికి రెండు రోజులు తీసుకున్నారు.

ఎర్ర తొడుగు అవసరమే లేదు. చీమలకు ఎరుపు సరిగా కనపడదన్నది నిజమే కానీ, చీకటి చేసే ఆ పని సొరుగు ఇంకా బాగా చేస్తుంది. తీపి సీసా అసలు విప్పకండి, బూజు పడుతుంది. ఇలాంటి రాణికి మొదటి పిల్లలు వచ్చేదాకా తిండి అక్కర్లేదు. ఇక వాడని రెక్కల కండరాలు కరిగి, ఒంట్లోని కొవ్వుతో కలిసి, దానికీ పిల్లలకీ తిండవుతాయి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ కాగితం. 'వారంలో గుడ్లు' అని రాశారు. వారం పోయింది, రెండు వారాలు పోయాయి. నాకు టెన్షన్, రాణికి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. చలి ప్రాంతాల జాతులైతే, ఆలస్యంగా దొరికిన రాణి చలికాలం దాటాకే గుడ్లు పెట్టడం మామూలే. ఆ ఒక్క ముక్క రాసుంటే నేను రోజుకు నాలుగుసార్లు సొరుగు లాగి దాన్ని బెదరగొట్టేవాడిని కాదు. 23వ రోజున నాలుగు గుడ్లు, ఒకదానికొకటి అంటుకుని.

ఐదుకు మూడు స్టార్లు, అవీ గాజుకే. ఇప్పుడు ట్యూబులో రెండు గోధుమరంగు ప్యూపా గూళ్లున్నాయి, లోపల చీమ పిల్లలు తయారవుతున్నాయి. ఆదివారం దాకా సొరుగు తీయకూడదని అనుకున్నాను. ఇవాళ గురువారం, పొద్దున ఒకసారి తీశాను.